పదార్థ శౌచము

ఒక వస్తువును శుచి యనుటకును, అశుచి యనుటకును మనకు బ్రమాణ మేది? కంటికి మాలిన్య మగపడకుండుటయా? అది మన యింట లేకుండుటయా? లేక యెవ్వరి యింటను లేకుండుటయా? వినుట కీ ప్రశ్న యల్పముగా దోచును. కాని, నేడు దేశములు దీనికి జెప్పుకొను సమాధానమును బట్టియే కోట్లకొలది ధనమును వెచ్చించుచున్నవి, గనులు త్రవ్వించుచున్నవి, పరిశోధనాలయములు నెలకొల్పుచున్నవి. ఎండనుండియు గాలినుండియు బుట్టు విద్యుత్తును, పొగ విడువక పరువులెత్తు బండ్లను జూచి, ఇది శుచియైన శక్తి యని లోకము మెచ్చుకొనుచున్నది. ఆ మెప్పును మేము కాదనము. బొగ్గుపొగకంటె ఎండ మేలనుటకు వాద మక్కఱలేదు. అయినను శుచి యను మాట మన దేశమున మిక్కిలి ప్రాతమాట. ఆ మాటవలన మనకు గలిగిన మేలును గలదు, జరిగిన యపచారమును గలదు. కావున దానిని క్రొత్త వస్తువులకు బేరుపెట్టుటకు ముందు దాని యర్థమును గొంచెము విచారించుట మంచిది.

మన ధర్మశాస్త్రకారులు శౌచమును బాహ్యమనియు, ఆభ్యంతరమనియు విభజించిరి. మంటితోడను నీటితోడను గడుగుకొనుట బాహ్యము. మనస్సును నిర్మలముగా నుంచుకొనుట యాభ్యంతరము. మనుస్మృతిలో నేటి వివేకులకు సమ్మతములు గాని విషయములు పెక్కు గలవు. ఐనను శౌచప్రకరణమున నా స్మృతి, ధనార్జనమునందలి శుచిత్వమును, అనగా అర్థశౌచమును, మృజ్జలములచే గలుగు శౌచముకంటె మిన్నగా నెంచినది. ఈ యొక్క సంగతి నేటికిని గ్రహింపదగినదే. దీని భావము స్పష్టము. నీ చేతిలోని వస్తువు తళతళలాడుచున్నదా యని యడుగుట చాలదు. అది నీ చేతి కెట్లు వచ్చెను, ఎవ్వరి నష్టముచే వచ్చెను అని యడుగవలయును. వాకిలి యూడ్చి, చెత్తను పొరుగువారి గడపముందు ద్రోయు గృహస్థుని శుచిమంతుడని యెవ్వ రందురు?

కాని మన దేశమున జరిగినది సరిగా నిదియే. ఒక యింట మడిబట్ట, అలికి ముగ్గుపెట్టిన వాకిలి. ఆ యింటి మాలిన్యమును మోయుటకు వేఱొక జాతి మనుష్యులు. వా రా వాకిటికి రాగూడదు. మాలిన్యము నశింపలేదు, చోటు మాత్రము మాఱినది. మోసినవా డశుచి యయ్యెను. విడిచినవాడు శుచి యయ్యెను. ఇంతకంటె విపరీతమైన తర్కమును మే మెఱుగము. మనుష్యునిచే మలము నెత్తించుటను నిషేధించుచు మన పార్లమెంటు 1993 లో నొక శాసనమును, అది చాలక 2013 లో మఱియొక శాసనమును జేయవలసివచ్చె ననిన, ఈ తర్కము వేళ్లెంత లోతునకు బాఱినవో యూహించుకొనవచ్చును. ఇప్పుడు ప్రపంచము నిర్మించుకొనుచున్న శుచియైన శక్తి యీ మడివంటి దగునా? లేక నిజమైన శౌచ మగునా? మేము విచారింప దలచిన దిదియే.

ముందుగా బ్యాటరీని దీసికొందము. ఫోనునందును, పొగలేని బండియందును వాడు లిథియము బ్యాటరీకి ప్రధానమైన యొక పదార్థమును 1980 లో ఆక్సుఫర్డునందు జాన్ గుడెనఫ్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి కోబాల్టుతో జేసి చూపెను. అది లేకున్న నేటి ఫోనులు లేవనవచ్చును. అయితే లోకమునకు వచ్చు కోబాల్టులో సగమునకు మించిన భాగము ఆఫ్రికాయందలి కాంగో దేశపు గనులలోనిది. అచ్చట యంత్రములతో ద్రవ్వు పెద్దగనులతో బాటు, బీదలు గునపములతో ద్రవ్వుకొను గుంటలును గలవు. ఆ పనిలో బాలురును గలరని 2016 లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ లోకమునకు వెల్లడించెను. పట్టణపు వీథిలో పొగ లేదు. కాంగోలో పసివాని ముక్కుపుటములలో ధూళి గలదు. ఇది మడి గాక మఱేమి?

అట్లని విద్యను నిందింపరాదు. ఆ గుడెనఫ్ మహాశయుడే అమెరికాయందలి టెక్సాస్ విశ్వవిద్యాలయమున నుండగా, 1997 లో, తన శిష్యులతో గూడి, ఇనుమును భాస్వరమును గలిసిన ఐరన్ ఫాస్ఫేటు కూడ కోబాల్టు చేయు పనిని జేయగలదని ప్రకటించెను. అది శక్తిని గొంచెము తక్కువగా నిలువచేయును. కాని చౌక, వేడికి సులభముగా జెడదు, ఇనుము దొరకని దేశ మరుదు. 2019 లో, తొంబదియేడేండ్ల వయస్సున, ఆయనకు మఱి యిద్దఱితో బాటు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను. నేడు పెక్కు బండ్లు ఐరన్ ఫాస్ఫేటుతోనే నడచుచున్నవి. మన తెలుగునాట, హైదరాబాదు చెంత బాలాపూరునందున్న ఏఆర్‌సీఐ యను కేంద్రప్రభుత్వ పరిశోధనాలయమువా రీ పదార్థమును స్వదేశమున జేయు పద్ధతులపై గృషి చేసిరి. ఒక లోహమునకు మాఱుగా మఱియొక లోహమును బెట్టుట చూచుటకు రసాయనజ్ఞుని లెక్క మాత్రమే. కాని యా మార్పువలన గాంగో బాలుని శ్రమతో మన బండికి బని లేకపోయినచో, ఆ లెక్క ధర్మకార్యమే యగును. దయగలవారు వేయి యుపన్యాసములచే మాన్పలేని పాపమును గొన్నిచోట్ల నొక క్రొత్త పదార్థము మాన్పగలదు. పదార్థవిద్యకును ధర్మమునకును సంబంధము లేదనువారు దీనిని గమనింతురు గాక.

ఇంత దూరము పోనక్కఱలేదు. మన యిండ్లలోని ఇన్వర్టరు బ్యాటరీనే చూడుడు. అందలి బరువులో సగమునకు బైగా సీసము. సీసపు ధూళి పిల్లల మెదడును జెఱచునని వైద్యులు నిశ్చయించిరి. ప్రాతబడిన బ్యాటరీని పాత సామానులవాని కమ్మిన, వాడు దానిని పెరటిలో బగులగొట్టి, ఆమ్లమును మురుగులో బోసి, సీసమును బొయ్యిమీద గరగించుటయు గలదు. తయారుచేసినవారే ప్రాతవానిని దిరిగి సేకరింపవలె నని 2022 లో బ్యాటరీ వ్యర్థములకు నియమము లేర్పడినవి. కాని పాత సామానులవా డంగడివానికంటె నూఱు రూపాయ లెక్కువ యిచ్చిన, మన మెవ్వరి కిచ్చుచున్నాము? అర్థశౌచమునకు బరీక్ష యా నూఱు రూపాయలయొద్దనే.

ఇక మా ప్రాంతమున కంటియెదుట నున్న పదార్థమునకు వత్తము. పెనుగంచిప్రోలు మునేటి యొడ్డున నున్నది. పూర్వము కృష్ణాజిల్లాలో మెట్టసీమయైన యీ ప్రదేశము 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినది. తిరుపతమ్మ తిరునాళ్లకు వచ్చు వారికి మునేరును గుడియు దెలియును గాని, జగ్గయ్యపేట సీమకు నేడు లోకములో బేరు తెచ్చినది సున్నపురాయి. జగ్గయ్యపేట చెంతనున్న బౌద్ధస్తూపమును 1882 లో బర్జెస్ దొర త్రవ్వించినప్పుడు బయల్పడిన ఫలకము లీ సున్నపురాతి జాతిలోనివే. మాంధాత చక్రవర్తి ప్రతిమగల ఫలకము నేడు చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు శాసనమును ఆ స్తూపమున దొరకినది. అమరావతియందు నిట్టి శిల్పములనే కొన్నిటిని పందొమ్మిదవ శతాబ్దిలో సున్నముకొఱకు గాల్చిరి. అదే జాతి రాతిని నేడు జయంతిపురమున రాంకోవారును, ముక్త్యాలయందు కె.సి.పి. వారును సిమెంటుగా జేయుచున్నారు. రాయి యొక్కటే, దానిని జెక్కుటయు, గాల్చుటయు మనుష్యుని యిచ్ఛ.

సిమెంటు శుచియా, అశుచియా? ఇచట విషయము కొంచెము సూక్ష్మము. సున్నపురాతిని గాల్చినచో సున్నము మిగులును, బొగ్గుపులుసు గాలి పోవును. శుద్ధమైన సున్నపురాయి నూఱు మణుగులు గాల్చిన నేబదియాఱు మణుగుల సున్నము మాత్రమే మిగులును; తక్కిన నలువదినాలుగు మణుగులు గాలియై యాకాశమున గలియును. ఈ గాలి పొయ్యిలోని బొగ్గువలన వచ్చినది కాదు, రాతిలోనుండియే వచ్చినది. ఆ సున్నమును మంటితో గలిపి, పదునాలుగు వందల యేబది డిగ్రీల వేడిమిలో గాల్చగా గట్టియుండలు గట్టును. దానికే క్లింకరని పేరు. దానిని జిప్సముతో నూఱిన సిమెంటు. సిమెంటు చేయుటలో వెలువడు బొగ్గుపులుసు గాలిలో నూటి కించుమించు అఱువది పాళ్లు రాతినుండియు, తక్కినది వంటచెఱకు మొదలగువానినుండియు వచ్చును. కాబట్టి బట్టీని సూర్యశక్తితోనే నడిపినను అశుచిలో సగమునకు బైగా నిలిచియే యుండును. లోకమున మనుష్యులు విడుచు బొగ్గుపులుసు గాలిలో నూటి కేడెనిమిది పాళ్లు సిమెంటువలననే యని లెక్క. సిమెంటు చేయుటలో చీనా తరువాత మన దేశమే రెండవది. ధూళిని బట్టు సంచులను గొట్టములకు దగిలింపవచ్చును, నేడు దగిలించుచున్నారు. కంటికి గనబడని గాలిని బట్టు సంచి యింకను సులభసాధ్యము కాలేదు. కంటికి గనబడదు గనుక శుచి యందుమా?

ఈ చిక్కునకు బదార్థపరిశోధకులు చూపిన మార్గమేమనగా, క్లింకరును దగ్గించి, దాని చోట వేఱొకదానిని జేర్చుట. ఇది క్రొత్త తలపు కాదు. మన తాతలు గానుగలో ఎద్దులచే సున్నమును నూఱించునప్పుడు, కాలిన యిటుకపొడిని, అనగా సుర్కీని, గలుపుచుండిరి; కరక్కాయనీళ్లును బెల్లపునీళ్లును బోయుటయు గలదు. కాలిన మన్ను సున్నముతో గలిసి నీటిలో గూడ గట్టిపడునని వారికి అనుభవమున దెలియును. ఎందువలన గట్టిపడునో తెలియదు. తెలియని విద్య పనివానితోనే పోవును. 1824 లో ఇంగ్లాండున ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము బొందినపిమ్మట, తొందరగా బిగియు నా పదార్థము క్రమముగా గానుగను మూలబెట్టెను.

నేటి పరిశోధకులు ఆ మూలబడిన తలపునకు గారణము గనుగొనిరి. స్విట్జర్లాండునందలి లోజాన్ నగరమున కారెన్ స్క్రివెనర్ అను విదుషీమణియు, క్యూబా దేశపు పండితులును, మన ఢిల్లీ, మద్రాసు మొదలైన ఐఐటీలవారును గలిసి యొక సిమెంటును రూపొందించిరి. అందు క్లింకరు సగము, కాల్చిన మన్ను మూడుపదుల పాళ్లు, కాల్పని సున్నపురాయి పదునైదు పాళ్లు, తక్కినది జిప్సము. మంటిని గాల్చుటకు ఏడెనిమిది వందల డిగ్రీలు చాలును. దానినుండి బొగ్గుపులుసు గాలి రాదు, నీటియావిరి మాత్రమే పోవును. ఈ సిమెంటువలన బొగ్గుపులుసు గాలి నూటికి నలువది పాళ్లవఱకు దగ్గునని వారి లెక్క. దీనికి భారతీయ ప్రమాణముల సంస్థవారు 2023 లో ప్రమాణము నేర్పఱచిరి. పింగాణికి బనికివచ్చు జాతి మన్ను, అందును మేలురకము కాక తీసివేయబడినదియు, దీనికి జాలును.

ఇంతకుముందే బూడిద సిమెంటు గలదు. ఇబ్రహీంపట్టణమున నార్ల తాతారావుగారి పేరిట నున్న విద్యుత్కేంద్రము వంటిచోట్ల బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నూటికి పదునైదు మొదలు ముప్పదియైదు పాళ్లవఱకు సిమెంటులో గలుపవచ్చునని ప్రమాణము. కాని మన గృహస్థులలో ననేకు లిది కల్తీ సిమెంటని యేవగింతురు. వారి యేవగింపున కాధార మింతమాత్రము గలదు: అది మొదట మెల్లగా బిగియును. పది దినములైనను తడి యాఱకుండ నీళ్లు గట్టినచో బిమ్మట దృఢ మగును. మేస్త్రి మూడుదినములు తడిపి విడిచి, పగిలినప్పుడు సిమెంటును దూషించుట న్యాయము కాదు. అయితే యీ బూడిదయందు వేఱొక లోపము గలదు. బొగ్గు కాల్చుట మానినకొలది బూడిదయు దగ్గును. నిన్నటి మాలిన్యముపై నాధారపడిన శౌచము రేపటికి నిలువదు. అందువలననే కాల్చిన మంటిపై బరిశోధకుల దృష్టి పడినది.

ఇచట బూర్వపక్షులు రెండు తెగలుగా లేచుచున్నారు. ఒకరందురు: ఈ బాధ యంతయు నేల? మన పూర్వులవలె మట్టిగోడలు పెట్టుకొని, తాటాకు కప్పుకొని యుండరాదా? ఇట్లనువారు సాధారణముగా మిద్దెలలో గూర్చుండి యందురు. 2023 జూలైలో మునేటి వరద నందిగామ దాపున ఐతవరమువద్ద హైదరాబాదు రాజమార్గము నెక్కి రాకపోకల నాపెను. 2024 సెప్టెంబరు మొదట మునేరు మఱల బొంగి తీరపుటూళ్లను ముంచెను. నానిన మట్టిగోడ యెట్లు కూలునో, దానిక్రింద నెవ్వరుందురో తీరవాసులను అడుగుడు. బీదవానికి గట్టియిల్లు విలాసము కాదు, ప్రాణరక్షణము. లోకము చల్లబడుటకై నీవు మట్టియింట నుండుమని వానికి జెప్పుట మఱల వానిచే మాలిన్యమును మోయించుటయే. ఆకాశమును మిక్కిలిగా మైలపఱచిన దేశము లిప్పుడు బీదదేశములకు నిగ్రహమును బోధించుటయు నిట్టిదే.

రెండవ తెగవా రందురు: శాస్త్రజ్ఞు లున్నారు గదా, వారే చూచుకొందురు, మనము యథేచ్ఛగా గట్టుకొందము. ఈ మాటలో సోమరితనమున్నది, లెక్క లేదు. ఒక బస్తాకు నూఱుపాళ్ల మైల యనుకొందము. పరిశోధకుల శ్రమచే నది యఱువది యయ్యెను. మంచిదే. మన మానందించి, ఒక బస్తా చోట రెండు బస్తాలు వాడితిమి. మైల నూటయిరువది యయ్యెను. పరిశోధనాలయమున సంపాదించిన పుణ్యమును పెరటిలో వ్యయపెట్టితిమి. విద్య బస్తాలోని మైలను దగ్గింపగలదు. బస్తాల సంఖ్యను దగ్గించుట మన బుద్ధి చేయవలసిన పని.

ఆ బుద్ధి యెచ్చట వినియోగింపవలెనో మేము వేఱుగా జెప్ప నక్కఱలేదు. ఏ యూరిలో జూచినను, నలుగురున్న కుటుంబమునకు నలువదిమంది పట్టు మేడలు. దొంగలెవ్వరును రాని చోట గోటగోడలు. వాకిటిముందు శుభకార్యమున కొకసారి పనికివచ్చు కమానులు. వీనినైన క్షమింపవచ్చును. వాస్తుదోష మను మాట విని, నిక్షేపముగా నున్న గోడను బడగొట్టించి, గుమ్మమును మఱియొక దిక్కునకు ద్రిప్పించుటను మాత్ర మేమని క్షమింతుము? యింట రోగము వచ్చిన వైద్యునికి, అప్పు చేసిన జమాఖర్చునకు మందు వేయవలెను గాని, గోడ చేసిన తప్పేమి? ఆ గోడ యొకప్పుడు మన మెట్టసీమలో రాయి. దానిని ద్రవ్వినవానికి జెమటయు, దాపున మిరపతోట వేసిన రైతునకు ధూళియు, ఆకాశమునకు బొగ్గుపులుసు గాలియు ఖర్చయ్యెను. ఈ ఖర్చంతయు నొక్క సిద్ధాంతిగారి మాటచే మట్టిపాలైనది. తెలివిగల పరిశోధకులు పదియేండ్లు శ్రమించి నూటికి నలువది పాళ్లు దగ్గింతురు; మూఢత్వ మొక్క పూటలో నూటికి నూఱుపాళ్లు వ్యర్థము చేయును.

కావున మాకు దోచిన సిద్ధాంతమిది. ఏ పదార్థమును తనంత శుచియు గాదు, అశుచియు గాదు. అది వచ్చిన త్రోవయు, పోవు త్రోవయు గలిసి దాని శౌచమును నిర్ణయించును. ఎండపలకయైనను, బ్యాటరీయైనను, సిమెంటుబస్తాయైనను మన యింటికి వచ్చునప్పుడు మూడు ప్రశ్నలను మన మడుగవలెను. ఇది యెక్కడ త్రవ్వబడెను? త్రవ్వినవారికి దక్కిన దేమి? దీని పని తీరినపిమ్మట దీని నెవ్వరు మోయుదురు? ఈ ప్రశ్నలకు మంచి సమాధాన మిచ్చు పదార్థములను గనిపెట్టుట పరిశోధకుల వంతు. అట్టి సమాధానమునకు గొంచెము వెల యెక్కువ యైనను ఇచ్చుటయు, అక్కఱలేనిదానిని గొనకుండుటయు గృహస్థుల వంతు. ఈ రెంటిలో నేది లోపించినను రెండవది నిష్ఫలము.

మా వృత్తివారికిని ఒక వంతు గలదు. జగ్గయ్యపేట, నందిగామ తాలూకాల బడులలో బాలురును బాలికలును సున్నపురాతి సమీకరణమును గంఠస్థము చేయుచున్నారు. అది తమ యూరి చెంతనే యనుదినమును జరుగుచున్న సంగతి పెక్కండ్రు తలపోయరు. పలకమీది యక్షరములకును, పొలిమేరలోని బట్టీకిని గల సంబంధమును వారికి జూపవలెను. అప్పుడు వారిలో నొకరు బాలాపూరునకో, మద్రాసునకో పోయి, రాతిని గాల్చకయే గోడను గట్టు విద్యను గనిపెట్టుదురేమో! గనిపెట్టకపోయినను, తాము కట్టుకొనబోవు నింటికి నెన్ని బస్తాలు చాలునో లెక్కవేసికొను వివేకమైన వారి కలవడును.

గృహిణులకును మా మనవి యొకటి. మన యిండ్లలో శౌచము చిరకాలముగా మీ చేతిలో నున్నది. మడిని బాటించుటలో మీరు చూపిన పట్టుదల యింతంత గాదు. ఆ పట్టుదల నిప్పుడు గడప దాటింపుడు. ప్రాత బ్యాటరీ యెచ్చటికి బోవుచున్నదో అడుగుడు. గోడ పడగొట్టుద మన్నవారిని, ఎందుకని యడుగుడు. నీళ్లు గట్టక గోడ విడిచిన మేస్త్రిని నిలదీయుడు. మన యింటి శుచిత్వము పొరుగింటి కశుచి కాకుండ జూచుకొనుటయే నేటి మడి.